కరీం సార్ ఆల్బమ్‌లో ఏసీ చప్పుడు

నిన్న మధ్యాహ్నం జెద్దాలో ఒక విల్లా మిద్దె మీద ఏసీ బాగుచేసి ఆన్ చేయించాను. కంప్రెసర్ ఒక్కసారి దడదడలాడి, నెమ్మదిగా గుయ్యిమంటూ అందుకుంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు కరీం సార్ గొంతు వినిపిస్తుంది. ఆయన పాడిన పాటల ఆల్బమ్ ముగిసేది ఆ చప్పుడుతోనే మరి.

ఆయనది కడప. మా మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్. జగిత్యాల నుంచి వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే. కొత్తలో నాకు తొందరెక్కువ, ఏసీ దగ్గరికి పోగానే స్క్రూలు విప్పేవాణ్ని. ఆయన నా చేయి పట్టుకుని ఆపి, "మిషన్ చెప్పేది ముందు ఇను నాయనా. తర్వాత నువ్వు చెప్దువులే" అనేవారు. నాకు ఒళ్లు మండేది. మిషన్ ఏం చెబుతుంది, నా మొహం, అనుకునేవాణ్ని. విని విని చివరికి చెవికి పట్టుబడింది.

ఒకప్పుడు విదేశీయులు కాపురముండే ఏదో కాంపౌండులో ఏసీలు చూసే రోజుల్లో, అక్కడుండే అమెరికన్ ఇంజనీరు ఆయనకు గిటార్ నేర్పాడట. ఆ దేశపు పల్లెల్లో పాడుకునే కంట్రీ పాట, బ్లూస్, రాక్ అన్నీ కలిపి, కడప తెలుగులో సొంతంగా పాటలు కట్టుకున్నారు. సెలవుండే శుక్రవారాలు జెద్దాలోనే షరఫియా పేటలో చాయ్ తాగుతూ పాడి వినిపిస్తే మేం పడీపడీ నవ్వేవాళ్లం. గుర్రాల మీద తిరిగేవాళ్ల బాణీలో సెలవు దొరకని డ్రైవర్ గోడు! నవ్వుతుండగానే ఎవరికో ఒకరికి కళ్లు చెమర్చేవి.

తర్వాత ఆయన గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేస్తే మాట మిగలదని డాక్టర్లు చెప్పేశారు. ఆపరేషన్ అక్కడే చేయించుకుందామని ఊరికి టికెట్ తీసుకున్నారు. అప్పటికి ఆల్బమ్‌లో ఒక్క పాట మిగిలింది. రికార్డింగు తన గదిలోనే, లాప్‌టాప్‌లో. ఏసీ తిరిగితే ఆ మోత మైకులో పడుతుంది కాబట్టి దాన్ని ఆపాలి, ఆపేది నేను. ప్రయాణానికి ముందు శుక్రవారం నమాజు అయ్యాక కూర్చున్నాం. కాసేపటికే గది కొలిమైపోయింది. ఆయన చొక్కా తడిసి ముద్దయింది. చరణం సగంలో గొంతు తెగిపోతోంది. నాకు భయమేసింది.

"పాణం బాగలేదు గద సార్. ఇయ్యాలటికి ఆపుదాం" అన్నాను.

ఆయన గొంతు మీద చేయి పెట్టుకుని, "దీన్ని ఈడనే ఇడిచిపెట్టి పోతా నాయనా" అన్నారు.

మళ్లీ మొదటి నుంచి పాడారు. ఈసారి తెగలేదు. చివరి తీగ మోత అణిగేదాకా కదలకుండా కూర్చుని, నా వైపు తిరిగి, "ఇంగ వెయ్ నాయనా" అన్నారు. ఏసీ స్విచ్ వేశాను. రికార్డింగు ఆపడం ఇద్దరం మరిచిపోయాం. ఆ మాట, దాని వెనకే కంప్రెసర్ చప్పుడు, రెండూ పాటకు అంటుకుపోయాయి. హైదరాబాదులో పాటలు సరిచేసిన అతను ఆ ముక్క తీసేస్తానన్నాడట. అప్పటికే ఆపరేషన్ అయిపోయింది. ఉండనిమ్మని కరీం సార్ మెసేజ్ పెట్టారట. ఇప్పుడు ఆ పాట ఎవరు విన్నా ఆ ముక్క వినాల్సిందే.

ఆయన కడపలో క్షేమంగా ఉన్నారు. వీడియో కాల్‌లో మాట్లాడేది నేనే, ఆయన నవ్వుతారు. నాకు ఏడుపొస్తుంది, దాచుకోను.

నిన్న ఆ మిద్దె మీద పని ముగించి లేచేసరికి, నాతో పనిచేసే బంగ్లాదేశీ మిత్రుడు స్విచ్ మీద చేయి పెట్టి, వెయ్యనా అన్నట్టు చూశాడు. వాడికి తెలుగు రాదు. నాకు కడప యాస రాదు. అయినా పని ముగిసిన ప్రతిసారీ నేను అనీ అనీ, మా ఇద్దరికీ తెలిసిన మాట ఒకటుంది.

"ఇంగ వెయ్ నాయనా" అన్నాను.