వంతులకు లొంగని క్యూబిట్

2024 ఆగస్టు, బుధవారం. సూళ్లూరుపేట దగ్గర మా ప్రయోగశాలలో సమీక్ష. హాజరైనవారు: అధ్యక్షులు రామిరెడ్డి గారు, ప్రాజెక్టు ఇంజనీరు రాజేశ్వరి, శీతల యంత్రం చూసే టెక్నీషియన్ మస్తానయ్య, నాణ్యతా విభాగం తరఫున సభ్య కార్యదర్శిగా నేను. గైర్హాజరు: ఎవరూ లేరు.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఇదే వివరాన్ని సమావేశ నివేదికలోనూ రాశాను. అందులోని చివరి మాట మీద మరుసటి రోజు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

సభ్య కార్యదర్శి పని ఏమిటో ముందు చెప్పాలి. మా దగ్గర ఏ ప్రయోగానికైనా విధాన పత్రం ఉండాలి. అందులో ప్రతి చర్య పక్కన ‘నిర్ణయాధికారి’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడులు ఖాళీగా లేకుండా చూడడమే నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా ఒక్క ఖాళీ గడిని కూడా నా బల్ల దాటనివ్వలేదు.

ఆ బుధవారం తేలవలసింది రాజేశ్వరి ప్రాజెక్టు సంగతి. జవాబు ముందే తెలిసిన ఒక పరీక్ష లెక్క ఆమె పద్ధతిలో సరిగ్గా వస్తే క్వాంటం యంత్రం మా దగ్గరే ఉంటుంది. రాకపోతే దాన్ని హైదరాబాదు శాఖకు తరలిస్తారు, ఆమెను కొనుగోళ్ల విభాగానికి పంపిస్తారు. కుర్చీలకు టెండర్లు పిలిచే పని అప్పటికే ఆమె కోసం సిద్ధంగా ఉంది.

క్వాంటం కంప్యూటర్‌లో లెక్క చేసేది క్యూబిట్. విపరీతమైన చలిలో ఉంచితేనే అది పనిచేస్తుంది, అదీ కొద్దిసేపే. తర్వాత తను ఏం చేస్తోందో మరిచిపోతుంది. లెక్కలోని మెట్ల వరుసను సర్క్యూట్ అంటారు. రాజేశ్వరి సర్క్యూట్ ఎంత పొడవంటే, సగం దాటగానే క్యూబిట్ మరుపులో పడేది.

అందుకు ఆమె కనిపెట్టిన మార్గం ఇది. ప్రతి మెట్టు దగ్గరా క్యూబిట్‌ను ఒక కోణంలో తిప్పాలి. కచ్చితంగా తిప్పాలంటే చాలా చర్యలు పడతాయి. తక్కువ చర్యలతో తిప్పే పొట్టి దారులు రెండున్నాయి. ఒకటి కాస్త ఎక్కువ తిప్పుతుంది, రెండోది అంతే తక్కువ. మెట్టు మెట్టుకూ వీటిలో ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీసుకుంటూ, లెక్కను మళ్లీ మళ్లీ నడిపిస్తే తప్పులు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. సర్క్యూట్ సగానికి తగ్గుతుంది. ఎంపిక చేసేది మరో క్యూబిట్, దాన్ని సహాయక క్యూబిట్ అంటారు. సున్నా, ఒకటి సమానంగా ఉండే స్థితిలో దాన్ని పెట్టి కొలుస్తారు. ఏది వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

నాకు ఇక్కడే చిక్కు వచ్చింది. ఎంపిక అనేది నిర్ణయం. నిర్ణయాధికారి ఎవరని అడిగాను.

“ఎవురూ లేరు సార్. ఎవురన్నా ఉంటే పని చెడుతుంది,” అంది రాజేశ్వరి.

ఖాళీ గడి కుదరదన్నాను. కాసేపు చర్చించి, ఆ గడిలో ‘సహాయక క్యూబిట్, హోదా రీత్యా’ అని నింపాము.

రామిరెడ్డి గారికి అభ్యంతరం వేరే ఉంది. ఆయనది కోవూరు దగ్గర వరి పండించే కుటుంబం. కాలవ నీళ్లు ఈ పూట ఈ చేనికి, తర్వాత పక్క చేనికి, వంతు తప్పకుండా పారాలి. వంతు తప్పితే ఏమవుతుందో చిన్నప్పుడే గట్టు మీద చూసిన మనిషి. ముందురోజు పరీక్షలో ఒకే దారి వరుసగా నాలుగుసార్లు వచ్చిందని కాగితం మీద చూసి ముఖం చిట్లించారు.

“ఇదేందమ్మా, ఒకడే నాలుగు తడులు పెట్టుకుంటే రెండోవాడు ఏం గావాల?”

“అది నీళ్లు గాదు సార్.”

“ఏదైనా న్యాయం న్యాయమే. ఒకసారి ఇది, ఒకసారి అది. సెక్రటరీ గారూ, రాసుకోండి.”

అధ్యక్షుల ఆదేశం కాబట్టి రాసుకున్నాను. సహాయక క్యూబిట్‌ను పదవి చేపట్టకముందే సెలవు మీద పంపినట్టయింది.

వంతుల పద్ధతిలో లెక్క నడిచింది. వచ్చిన జవాబు మేము అంతవరకు చూసినవాటిలో అన్నిటికంటే చెడ్డది. రాజేశ్వరి తెర వైపు చూసి చేతులు కట్టుకుని కూర్చుంది. మస్తానయ్య నా వైపు వంగి, “అమ్మ కుర్చీలు కొనబోతా ఉండాది సార్,” అన్నాడు. ఆమె వింది. “నీకు మాత్రం చెయ్యి ఇరిగిందే కొంటాలే మస్తానయ్యన్నా,” అంది.

రామిరెడ్డి గారు నిజంగానే నొచ్చుకున్నారు. సమానంగా పంచితే తప్పులు పోవాలి గదా అన్నారు. అప్పుడు ఆమె లేచి, గదిలో నడిచి చూపించింది. ఈ సర్క్యూట్‌లో ప్రతి మెట్టు తర్వాత క్యూబిట్‌ను తలకిందులు చేస్తారు. ఒక మనిషి అడుగు అడుగుకూ వెనక్కి తిరుగుతూ, ఒకసారి తన ఎడమకు, ఒకసారి తన కుడికి జరిగితే, చూసేవాళ్లకు అతను ఎప్పుడూ ఒకే వైపుకు జరుగుతాడు. అలా జరుగుతూ జరుగుతూ ఆమె గోడకు తగిలింది.

“చూశారా సార్. మీ వంతులు నన్ను గోడకు చేర్చినాయి. తప్పులు గూడా ఇట్టే ఒకే పక్కకు పోగయినాయి. మా పులికాట్ సరస్సులో వల వేసే చోట్లకు చీట్లేస్తారు. మంచి చోటు ఒకడికే వరసగా వచ్చినా ఎవురూ చీటీని తిట్టరు.”

“తిట్టరా?”

“చీటీ తీసినోడిని తిడతారు.”

అధ్యక్షులు ఒక అవకాశం ఇచ్చారు. ఈసారి సహాయక క్యూబిట్ విధుల్లో చేరింది. ఎంపికలు తెర మీద వరుసగా పడుతున్నాయి. ఒకచోట ఒకే దారి ఆరుసార్లు వచ్చింది. రామిరెడ్డి గారి చెయ్యి ఆపు మీట వైపు కదిలింది. మస్తానయ్య ఎంతో మర్యాదగా ఆ చేతిలో టీ గ్లాసు పెట్టాడు. కాగుతున్న టీ. ఆయన దాన్ని దించే చోటు వెతుక్కునేలోగా ఆ ఆరూ దాటిపోయాయి.

లెక్క పూర్తయింది. జవాబు సరిగ్గా వచ్చింది.

“ఇంత అన్యాయంగా పోయి, ఇంత సరిగ్గా వచ్చె,” అన్నారు రామిరెడ్డి గారు. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదని తర్వాత విన్నాను. యంత్రాన్ని ఇక్కడే ఉంచాలన్న సిఫార్సు మీద మాత్రం అప్పుడే సంతకం చేశారు.

మరుసటి ఉదయం పరిపాలనా విభాగం నుంచి నా నివేదిక తిరిగి వచ్చింది. అడిగినవి రెండు. హాజరైనవారిలోనూ గైర్హాజరైనవారిలోనూ లేని సహాయక క్యూబిట్ అనే అధికారి నిర్ణయాలు ఎలా తీసుకున్నారు? ఆయన నమూనా సంతకాలు రెండు ఎందుకు జతపరచలేదు?

రాజేశ్వరికి చూపించాను. ఆమె వెళ్లి సహాయక క్యూబిట్‌ను రెండుసార్లు కొలిచి, వచ్చినవి తెచ్చి ఇచ్చింది. మొదటిసారి సున్నా, రెండోసారి ఒకటి. జతచేసి పంపాను. భోజన విరామం లోపే కాగితం మళ్లీ వచ్చింది: సంతకాలు సరిపోలడం లేదు.

నేను ఆ పూటే విధాన పత్రం ఫారంలో ‘నిర్ణయాధికారి’ పక్కన ‘లేదా నిర్ణయ సాధనం’ అని చేర్చి, సవరణకు ఆమోదం తీసుకున్నాను. ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నది అదే. యాదృచ్ఛికతను పనిలో పెట్టుకోవచ్చు. దానికి వంతులూ హోదాలూ అంటగట్టకూడదు. ముందు ఫారం మార్చుకోవాలి.