బొట్టు పెట్టిన థర్మోస్టాట్

నా చిన్నప్పుడు మా ఇంట్లో కారుకున్న మర్యాద మనుషులకు లేదు... ఎనభైల నాటి మాట. ఎమ్మిగనూరులో మా వీధి మొత్తానికి ఒకే ఒక్క డీజిల్ కారు, అదీ మూడు చేతులు మారిన పాత బండి. అది మా పెద్దనాయనది. ఆయనకు నూలు అంగడి ఉండేది. ఆయన దగ్గినా మా ఇంట్లో అందరూ తలూపేవాళ్ళు, మా నాయనతో సహా.

ఆ కారుకు ఒక జబ్బు. ఆదోని దారిలో కోటేకల్లు దాకా పోతే చాలు, ఇంజన్ కాగిపోయి పొగలు కక్కేది. ఆ మహానుభావుడు చేయని వైద్యం లేదు. నీళ్ళు కారుతున్నాయని రేడియేటర్లో పసుపు పోశాడు. కోడిగుడ్డు కూడా కొట్టి పోశాడు... వారం రోజులు కారంతా ఒకటే కంపు. అయినా ఆయనకు తెలియనిది లోకంలో లేదు మరి!

చివరికి ఆదోనిలో బాషా భాయ్ అనే మెకానిక్ అసలు సంగతి చెప్పాడు. ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని నీళ్ళను రేడియేటర్లోకి వదిలే చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు. అది బిగుసుకుపోయింది. దాని మీది మూత తుప్పు తినేసి కారుతోంది. రెండూ మార్చాలి.

ఆ రోజు మా అక్క కూడా వెంట ఉంది. ఇంటర్ ముగించి, టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్షకు పగలూ రాత్రీ చదువుతోంది. పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా సెంటరు చూసుకోవడానికి ఆదోనికి వచ్చింది. భాయ్ చెప్పిందంతా శ్రద్ధగా విన్నది తనొక్కతే.

"స్ప్రింగు పక్క కిందికి, ఇంజన్ తట్టు ఉండల్ల సేట్. రేపు రండి, నేనే పెడతా" అన్నాడు భాయ్.

"ఇంత దానికి నువ్వెందుకప్పా? నాకు రాదా యేమి?" అని కొత్త బిళ్ళ, కొత్త మూత పొట్లం కట్టించుకుని వచ్చేశాడు మా పెద్దనాయన.

మా ఇంట్లో కొత్తగా ఇనుప సామాను ఏది వచ్చినా బొట్టు పెట్టనిదే వాడరు. మర్నాడు సాయంత్రం పెద్దమ్మ ఆ బిళ్ళను పళ్ళెంలో పెట్టి, స్ప్రింగు నడుమ పొడుచుకొచ్చిన గుండీకి పసుపు రాసి కుంకుమ పెట్టింది. హారతి కూడా! ఇరుగుపొరుగు వచ్చి కళ్ళకద్దుకున్నారు. కుంకుమ ఉన్న పక్క పైకి పెట్టి పెద్దనాయన మూత బిగించబోతుంటే అక్క ఉండబట్టలేకపోయింది.

"పెద్దనాయనా, స్ప్రింగు కిందికి ఉండల్లని భాయ్ సెప్పినాడు గదా..."

"బొట్టు పెట్టిన మొగాన్ని బోర్లా పెడ్తారేమే ఎవురన్నా? అశుభం గాదూ!"

"తిరగబెడితే అది తెర్సుకోదు పెద్దనాయనా. ఇంజన్ మళ్ళా కాగిపోతాది."

"నాలుగచ్చరాలు రాంగానే నాకే సెప్పొచ్చినావా? నోర్ముయ్!"

"అవునవును, బొట్టు కిందికి పెడ్తారా యాడన్నా?" అన్నారు ఇరుగుపొరుగు. ఆయన తానా అంటే వీళ్ళు తందానా. మా నాయన మగ్గం దగ్గర తెగిన పోగు వెతుక్కుంటున్నట్టు నటించాడు.

పరీక్ష రోజు అక్క ఎర్రబస్సుకు పోతానంది. "ఇంట్లో కారు పెట్టుకోని బస్సుకు పోతే నేను వీధిలో తలెత్తుకోవల్లనా వద్దా?" అన్నాడు పెద్దనాయన. పిల్ల పరీక్ష కంటే ఆయన తలే ముఖ్యం. తోడుగా నన్నూ ఎక్కించారు.

కోటేకల్లు దాటామో లేదో... బుస్సుమని పొగ. "ఈ ఎండలు సూడు ఎట్లుండాయో" అన్నాడు. పొద్దున ఏడున్నరకు ఎండలట!

అంతలో ఆదోని బస్సు వచ్చింది. అక్క చెయ్యెత్తింది. పెద్దనాయన ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. "ఆగమ్మా, మనూరోళ్ళుంటారు దాంట్లో. ఐదు నిమిషాల్లో సల్లబడ్తాది." ఎవరూ గుర్తుపట్టకుండా తను బానెట్ చాటుకు పోయి నిలబడ్డాడు. బస్సు వెళ్ళిపోయింది... తర్వాత రెండు పత్తి లారీలు వచ్చాయి. ఆడపిల్ల లారీ ఎక్కడమేందని వాటినీ పోనిచ్చాడు. నేను పక్క చేనులోని బావి నుంచి నీళ్ళు మోస్తూనే ఉన్నాను. పరీక్ష తొమ్మిదికి. తొమ్మిది అయింది, తొమ్మిదిన్నర అయింది.

పది దాటాక అక్క లేచింది. ఎవర్నీ అడగకుండా స్పానరు తీసుకుని మూత విప్పింది. బొట్టు ఎప్పుడో కరిగిపోయింది. బిళ్ళను తీసి, భాయ్ చెప్పినట్టు స్ప్రింగు కిందికి పెట్టింది. కానీ మూత కింద వేసే అట్ట చిరిగిపోయింది. అది లేకుంటే నీళ్ళు కారిపోతాయి.

"అట్ట యాడుందే ఈడ?" అని పెద్దనాయన సీట్ల కింద వెతుకుతున్నాడు.

అక్క సంచిలోంచి తన ఫోటో అంటించిన దళసరి హాల్‌టికెట్టు తీసింది. దాని మీద మూత పెట్టి పెన్నుతో చుట్టూ గీసి, పెన్సిల్ చెక్కుకునే బ్లేడుతో కోసింది. "అక్కా, వద్దక్కా!" అన్నాను. "ఇంక దీంతో ఏం పనుందే" అంది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

బండి ఇంటిదాకా హాయిగా నడిచింది. ఆ సాయంత్రమే అంగట్లో పెద్దనాయన మొదలుపెట్టాడు... "నేనే కనిపెట్టి తిప్పి బిగిస్తిని!" బతికినన్నాళ్ళూ అదే చెప్పాడు సిగ్గులేకుండా. పరీక్ష సంగతి ఎవరైనా ఎత్తితే "దానికి రాత లేదు" అనేవాడు. మరుసటి ఏడు పంపనే లేదు. అక్క మగ్గంలో కూర్చుంది. విప్పిందీ బిగించిందీ అక్కేనని నేనూ నోరు తెరిచి చెప్పలేదు... చిన్నపిల్లను కదా అని సర్దిచెప్పుకుంటాను గానీ, అది పిరికితనం. ఆయన మీద ఉన్నంత రోత నా మీదా ఉంది.

చాలా ఏళ్ళకు ఆ కారును పాత ఇనుముకు వేశారని అక్కకు చెప్పాను. మగ్గం ఆపి ఒక్క మాట అడిగింది... "మూత విప్పి చూసినారా? నా ఫోటో దాంట్లోనే ఉండె."

ఇప్పటి కార్లకు వేడెక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. పెద్దనాయనలు మాత్రం ఆ దీపాన్నీ నోర్ముయ్ అంటారు. మీ ఇంట్లో ఎవరి హాల్‌టికెట్టు ఇలా మూత కింద పడిపోయిందో... ఇప్పుడైనా వాళ్ళ పేరు చెప్పండి.