నుమాయిష్‌లో వంగిన మా తరాజు

ఖాళీ తరాజు ఒక పక్కకు వంగి ఉంటే మా బజారులో దానికి ఒకటే అర్థం. ఆ దుకాణందారు దొంగ. సంజాయిషీ అడిగేవాడు ఉండడు, చెప్పినా వినేవాడు ఉండడు.

మాది నయాపూల్ దగ్గర పప్పుల దుకాణం. తాత వేలాడదీసిన ఇత్తడి తరాజు నాన్న చేతికి, ఆయన తర్వాత నా చేతికి వచ్చింది. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన కరెంటు కాంటా ఎర్రటి అంకెలతో మెరుస్తున్నా, దీపావళికి మేం పసుపు కుంకుమ పెట్టేది పాత తరాజుకే. దాన్ని గడప దాటించే ఆచారం మాకు లేదు. చుట్టాలు అడిగినా ఇవ్వలేదు. ఈ ఏడు మాత్రం మైదానంలో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌లో, అదే మన నుమాయిష్‌లో, దేశ వర్తకం ఎట్లా ఎదిగిందో చూపించే హాలు పెడుతున్నామంటూ కొందరు దుకాణానికి వచ్చి, "మీ తరాజు లేకుంటె మా హాలు హాలే గాదు బాపూ" అన్నారు. పొంగిపోయి ఇచ్చాను.

నుమాయిష్ మాటెత్తితే నేను కాదనలేను. నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను, దేశాన్ని ఆ మైదానంలో నేర్చుకున్నాను. కాశ్మీరు శాలువా, లూధియానా స్వెట్టరు, ఖుర్జా పింగాణీ తాకి తాకి చూస్తూ, అమ్మేవాళ్లు విసుక్కుంటున్నా వదలకుండా మీ ఊరెక్కడ, ఏ రైలెక్కి వచ్చారని అడిగేవాణ్ణి. అలాంటి చోట మా తాత తరాజు వేలాడుతుందంటే ఛాతీ ఉబ్బదా?

తరాజును ఆటోలో తీసుకుపోతుంటే పక్క దుకాణంలో అత్తరు అమ్మే దోస్తు కూడా తోడొచ్చాడు. నలభై ఏళ్లుగా మావి గోడకు గోడ కలిసిన దుకాణాలు. నేను దిగి గేటు దగ్గర పాసు కోసం లొల్లి పెట్టుకున్నంతసేపూ తరాజు ఆటోలో అతని ఒళ్లోనే ఉంది. తర్వాత దాన్ని హాలువాళ్లకు అప్పగించి ఇద్దరం ఇంటిదారి పట్టాం.

వారం తిరక్కుండానే పురానాపూల్ నుంచి వచ్చే పాత గిరాకీ ఒకాయన శనగపప్పు అడగకముందే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంది సేట్, నుమాయిష్‌ల నీ తరాజు చూసొచ్చిన. మస్తు వంగింది. ఇన్నేండ్లు మాకు గట్లనే జోకినవా?"

ఫోను తీసి ఫొటో చూపించాడు. రంగు దీపాల కింద మా తరాజు. రెండు పళ్లేలూ ఖాళీ. ఒకటి పైకి లేచింది, ఒకటి కిందికి దిగింది. దాని కింద మా దుకాణం పేరు, ఆ పేరు పక్కన 'న్యాయమైన వర్తకానికి గుర్తు' అనే బోర్డు! మూడు తరాల పరువు అందరి ఫోన్లలోకీ ఎక్కిపోతోంది. పట్టపగలే షట్టరు దించి, దోస్తును వెంటేసుకుని పరుగెత్తాను.

"తాతా, ముట్టుకోవద్దు," అంది హాలు చూసుకునే అమ్మాయి.

"నేను తెచ్చిచ్చిందే బిడ్డా. సక్కగ ఎందుకు లేదు?"

"వంగి ఉంటెనే ఫొటోలు మంచిగొస్తున్నయ్ తాతా. కదులుతున్నట్టు కనవడుతది."

కదులుతున్నట్టట! వంగి పళ్లెం అడుగు చూశాను. తీగ ఉంది, రాయి లేదు. తాత కాలంలోనే ఒక పళ్లెం పగిలితే కొత్తది పోయించారు. అది కొంచెం తేలిక. ఆ తేడా పూడ్చడానికి దాని కింద తీగతో చిన్న రాయి కట్టారు. పాసంగు అంటాం. అది ఉంటేనే ఖాళీ తరాజు ముల్లు నిటారుగా నిలబడుతుంది.

"రాయేది?" అని అరిచాను.

దోస్తు నా మోచెయ్యి పట్టి పక్కకు లాగాడు. "ధీరే బోలో భాయ్. నేనే తీసిన."

"ఏందీ?"

"నువ్వు గేటు కాడ ఉన్నప్పుడు. గింత మంది జనం, పళ్లెం కింద రాయి కనవడితె నీ ఇజ్జత్ ఏం గావాలె? వాపస్ పొయ్యేటప్పుడు నయాపూల్ మీదికెళ్లి మూసీల ఇసిరేసిన. ఇగ ఎవనికీ దొరకది. ఫికర్ చెయ్యకు."

"అంటే... నేను దొంగతూకం జోకుతున్ననుకున్నవా?"

"తోబా! దొంగ అని నేనెప్పుడన్ననా? దుకాణమన్నంక కొంచెం ఉంటది."

"గందుకేనా, జోకినప్పుడల్లా ఇంకో పిడికెడు వెయ్ భాయ్ అంటుంటివి?"

"మరి? నా హక్కు నేను తీసుకున్న."

దోస్తానా అనుకుని వేశాను ఆ పిడికెళ్లు! పొరుగువాడు దొంగ అని నమ్మి, ఆ మాట కడుపులో దాచుకుని, పండగ పండగకూ షీర్‌ఖుర్మా పంపిన మనిషిని ఏం చెయ్యాలి? తిట్టాలా, మొక్కాలా?

మైదానంలోంచి గులకరాళ్లు ఏరుకొచ్చి, ఒక్కొక్కటే పళ్లెం కింద కట్టి చూడసాగాను. అమ్మాయి వద్దు వద్దంటూనే ఉంది. ఈలోగా జనం మూగారు.

"అగో, పెద్దమనిషి తరాజుకు రాయి కడుతుండు. వీడియో తియ్‌రా!"

"మోసం ఎట్ల చేస్తరో చూపిస్తున్నరంట!"

"మోసం గాదు నాయనా, పాసంగు!" అని నేను మొత్తుకుంటున్నా ఎవడు వింటాడు? ముల్లు నిటారుగా నిలిచేసరికి వాళ్లంతా మిర్చి బజ్జీల వైపు వెళ్లిపోయారు. నేను రాయి కడుతున్న వీడియోలూ వాళ్లతోనే వెళ్లిపోయాయి.

దోస్తు మాత్రం కదల్లేదు. సంచీలోంచి ఖర్జూరం పొట్లం తీసి ఒక పళ్లెంలో పెట్టాడు. రెండోదాంట్లో నా జేబులోని పల్లీలు పోసి సమం చేశాను. అతను రెండింటినీ తారుమారు చేసి, వంగి, ముల్లు వైపు చాలాసేపు చూశాడు. తరాజులో తేడా ఉంటే ముల్లు వంగాలి. వంగలేదు.

"సహీ హై," అన్నాడు మెల్లగా. "అయితె గా పిడికెళ్లు..."

"నావే. అన్నీ నావే."

"మాఫ్ చెయ్ భాయ్. నీ పేరు నేనే సక్కజేస్త."

తరాజు దించి ఇవ్వమన్నాను. నుమాయిష్ అయిపోయేదాకా కుదరదట. ఆనాటి నుంచి దోస్తు రోజూ సాయంత్రం అత్తరు దుకాణం మూసి, వెళ్లి ఆ తరాజు పక్కన నిలబడుతున్నాడు. నిన్న నేనూ వెళ్లాను. మనవరాలి చెయ్యి పట్టుకుని తన దారిన తాను పోతున్న ఒకాయనను ఆపి మరీ చెబుతున్నాడు.

"దేఖో భాయ్, ఈ తరాజుల మోసం లేదు. ఈ సేట్ దొంగ గాదు. నేను జిమ్మేదార్!"

ఆ పెద్దమనిషి ఆగి, తరాజును కింది నుంచి పైదాకా చూసి అడిగాడు: "మోసమా? ఎవలు చేసిండ్రన్నా?"