సగం బుట్ట

ఆ ద్వీపానికి వెళ్లేవాళ్లు ఎక్కడ ఏం కొనాలో ఎవరు రాసినా, మొదటి పేరు రేవు వీధిలోని బుట్టల షాపుదే. ఆ షాపుని పోల్చుకోవడం ఎలాగో కూడా రాస్తారు. గుమ్మం ముందు ఒక పెద్దావిడ పీట మీద కూర్చుని వెదురు బద్దలతో బుట్ట అల్లుతుంటుంది, అదే గుర్తు. పక్కనే ఆవిడ ఫొటో వేస్తారు. ఫొటో కింద పేరు మాత్రం ఉండదు. రేవు వీధిలో అందరూ ఆవిణ్ణి బుట్టమ్మ అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం.

బుట్టమ్మ ఒళ్లో బుట్ట ఎప్పుడు చూసినా సగమే ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి అడుగు మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి చుట్టూ సగం ఎత్తు లేపుతుంది. ఇక అక్కణ్ణుంచి ఒక బద్ద పెట్టడం, రెండు తీయడం. షాపు గడియారం ఐదు కొట్టగానే మొత్తం విప్పేసి, బద్దలు తొట్టిలో నానబెట్టి ఇంటికి పోతుంది. పదకొండేళ్లుగా ఇదే ఆవిడ ఉద్యోగం.

ఇది యజమాని బుర్రలో పుట్టిన ఏర్పాటు. చేరిన కొత్తలో ఆవిడ అడిగింది కూడా.

“పూర్తి చేస్తే ఏం బాబూ?”

“పూర్తయితే ఇంక చూడ్డానికి ఏముంటుంది పెద్దమ్మా? పైగా ప్రతివాడూ అదే కావాలని కూర్చుంటాడు. లోపలున్న సరుకంతా నేనేం చేసుకోను?”

లోపలి సరుకు సంగతి కాస్త చెప్పుకోవాలి. అది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో తయారై, అట్టపెట్టెల్లో ఓడెక్కి వస్తుంది. చేత్తో అల్లినట్టు కనబడాలి, కొంచెం వంకరగా చేయండి అని యజమాని ప్రత్యేకంగా ఆర్డరు పెట్టాడు. ఫ్యాక్టరీవాళ్లు మాట మీద నిలబడే మనుషులు. ప్రతి బుట్టనీ ఒకే చోట, ఒకే కొలతతో వంకర తిప్పి పంపుతారు. యాత్రికులు బుట్టమ్మ చేతులకి ఫొటోలు తీసి, “అబ్బ, ఏం పనితనమండీ!” అని ముచ్చటపడి, లోపలికెళ్లి ఆ వంకర బుట్ట ఒకటి కొనుక్కుని ఓడెక్కుతారు. ఓడలో వచ్చిన బుట్ట ఓడలోనే తిరిగి పోతుంది. ద్వీపానికి అట్టపెట్టెలు మిగులుతాయి.

బుట్టమ్మ దీన్ని తప్పని ఎన్నడూ అనుకోలేదు. నీడపట్టున కూర్చునే పని. కూతురి చదువూ పెళ్లీ ఆ సగం బుట్ట మీదే గట్టెక్కాయి.

ఆ కూతురికే ఇప్పుడు నెలలు నిండాయి. ఆస్పత్రికి బయల్దేరుతూ, “అమ్మా, పాపాయిని పడుకోబెట్టడానికి నువ్వే ఒక బుట్ట అల్లిపెట్టాలి. ప్లాస్టిక్ ఉయ్యాల గియ్యాల తెచ్చావంటే ఊరుకోను” అంది.

“అదేం బ్రహ్మవిద్యా? నేను చూసుకుంటాలే” అంది బుట్టమ్మ.

సోమవారం ఆడపిల్ల పుట్టింది. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు.

బుధవారం ఓడ రాదు కనుక షాపుకి సెలవు. బుట్టమ్మ పొద్దున్నే వసారాలో పీట వేసుకుంది. పాపాయికి సరిపడా వెడల్పుగా అడుగు వేసి, చుట్టూ లేపుతూ పోయింది. సాయంత్రానికి బుట్ట మోకాలి ఎత్తుకి వచ్చింది. అంతలో అల్లుడు ఆస్పత్రి నుంచి వచ్చి, గడప మీద కూర్చుని కబుర్లు మొదలుపెట్టాడు. పాపాయి ముక్కు వాళ్లమ్మదట, కోపం మాత్రం వాళ్ల మేనత్తదట. బుట్టమ్మ మురిసిపోతూ వింటోంది. ఇంట్లో గోడ గడియారం ఐదు కొట్టింది. అల్లుడి కబుర్లు సాగుతూనే ఉన్నాయి.

కాసేపటికి అతనే ఆగిపోయాడు. “అత్తయ్యా, అదేంటి, విప్పేస్తున్నారు?”

బుట్టమ్మ కిందికి చూసుకుంది. ఒళ్లో అడుగొక్కటే మిగిలింది. బద్దలన్నీ పక్కన ఒద్దికగా పేర్చి ఉన్నాయి. పేర్చింది కూడా తనే. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

అల్లుడు పాపం కంగారుపడి, “పోనీలెండి అత్తయ్యా, షాపులో ఒకటి కొందాం” అన్నాడు. ఆ మాటతో ఏడుపు పోయి కోపం వచ్చింది. అతణ్ణి లోపలికి పంపించేసి మళ్లీ బద్ద అందుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, అసలు గుర్తు రావలసింది గుర్తు రావడం లేదని. అంచు ఎలా కట్టాలి? మొదటి బద్ద లోపలి నుంచి రావాలా, బయటి నుంచా? పదకొండేళ్లుగా అంచు దాకా వెళ్లిందెప్పుడని! ఆ రాత్రి బుట్ట అడుగు దాటలేదు.

గురువారం షాపుకెళ్లింది. ఇంక మిగిలింది ఆ ఒక్కరోజే. రోజూకంటే వెడల్పుగా అడుగు వేసింది. మధ్యాహ్నానికి సగమైంది. చెయ్యి ఆగలేదు.

యజమాని గుమ్మంలోకి వచ్చి, కొంప అంటుకున్నట్టు అదిరిపడ్డాడు. “పెద్దమ్మా, సగం దాటింది!”

“దాటనీ బాబూ.”

“ఐదుకి విప్పేస్తావుగా?”

“విప్పను. ఇది నా మనవరాలికి.”

చుట్టూ యాత్రికులున్నారు, గట్టిగా అరవడానికి లేదు. మొహం నిండా నవ్వు పులుముకుని, పళ్ల మధ్య నుంచి అడిగాడు. “ఉద్యోగం ఉండాలా, వద్దా?”

“ఉండాలి. బుట్టా ఉండాలి.”

ఇంత నోరు తనకుందని బుట్టమ్మకే తెలీదు. తల వంచుకుని అంచు పట్టింది. ఒకసారి కట్టింది, జారిపోయింది. మళ్లీ కట్టింది, ముడి తప్పింది. మూడోసారికి ఆలోచించడం మానేసి కళ్లు మూసుకుంది. వేళ్లే దారి వెతుక్కున్నాయి. గడియారం ఐదు కొట్టేలోపు బుట్ట పూర్తయింది.

సరిగ్గా అప్పుడే యాత్రికుల్లోంచి భార్యాభర్తలిద్దరు వచ్చి నిలబడ్డారు. యజమాని గుండె చేత్తో పట్టుకున్నాడు. ఇదే కావాలంటే ఏం చెప్పాలా అని ఆయన బాధ. ఆయన అమ్మేస్తానంటే ఎలా ఆపాలా అని బుట్టమ్మ బాధ.

ఆ ఇల్లాలు బుట్ట ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. “ఏమండీ, ఇది మరీ తీరుగా ఉంది. మిషన్ మీద చేసిందే అయ్యుంటుంది.”

“చూస్తేనే తెలుస్తోందిగా” అన్నాడు భర్త. “లోపల చూడు, వంకరగా, ఎంత సహజంగా ఉన్నాయో. అవి చేత్తో చేసినవి.”

రెండు వంకర బుట్టలు కొనుక్కుని వెళ్లిపోయారు.

యజమాని ఊపిరి పీల్చుకుని, “విన్నావుగా పెద్దమ్మా? ఇంత నున్నగా అల్లితే మన షాపు పరువేం కాను? ఎవరి కంటా పడకుండా ఇంటికి పట్టుకుపో” అన్నాడు.

బుట్టమ్మకి కడుపు మండిపోయింది. బుట్ట దక్కిందని సంతోషమూ వేసింది. పాత చీర కప్పి, చంకన పెట్టుకుని, వెనక వీధిలోంచి ఇంటికి నడిచింది.

శుక్రవారం కూతురు పాపాయినెత్తుకుని వచ్చింది. వసారాలో పీట మీద బుట్ట, అందులో మెత్తటి దుప్పటి మడత సిద్ధంగా ఉన్నాయి. కూతురు పాపాయిని తల్లి చేతికిచ్చి, బుట్టని ఎగాదిగా చూసింది. దాని మొహం చిన్నబోయింది.

“ఇంత తీరుగా ఉందేంటి, షాపులో కొన్నావా అమ్మా? చెప్పానుగా, నువ్వే అల్లాలని.”

రేవులో దిగినవాళ్లు అంటే సరే, ఈ పిల్ల బుట్టమ్మ కడుపున పుట్టింది. ఆ మాట గుచ్చుకున్నంతగా యజమాని బెదిరింపు కూడా గుచ్చుకోలేదు. ఆవిడ పాపాయిని ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో కూతురి వేలు పట్టుకుని అంచు లోపలివైపుకి లాక్కెళ్లింది. అక్కడ ఒక బద్ద పైకి పోవలసింది కిందికి పోయి, గరుగ్గా తగులుతోంది.

“ఇదిగో, ఇక్కడ తప్పాను. సర్దడానికి టైము లేకపోయింది. ఇది నా తప్పే. ఇలాంటిది ఏ షాపులో దొరుకుతుందే నీకు?”