ఇన్‌స్పెక్షన్‌కు తెచ్చిన పిల్లలు

డెబ్బైల చివర్లో, నర్సీపట్నం నుంచి కోటవురట్ల వెళ్లే దారిలో ఒక ఊరి పంచాయతీ సమితి బడిలో నేను రెండో టీచర్ని. నర్సీపట్నంలో మా క్రైస్తవుల పేట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఐదు తరగతులకు మేమిద్దరమే. హెడ్మాస్టారు ఆ ఊరి రైతు కుటుంబం మనిషి, నాకంటే చాలా పెద్దవారు. ఒకటీ రెండూ తరగతులు నావి, మిగతావి ఆయనవి.

జీడిపిక్కల కాలంలో బడి సగం ఖాళీ అయ్యేది. పిక్కలు ఏరడానికి పిల్లలు తల్లుల వెంట తోటలకు పోయేవారు. ఒక ఏడు సరిగ్గా అప్పుడే, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు శనివారం వస్తారని కబురొచ్చింది. పిల్లలు చాలకపోతే రెండో పోస్టు తీసేస్తారు.

“టీచరమ్మా, మీ పేట పిల్లల్ని ఓ పూట తెండి. మిషను బడికి శనివారం సెలవే గదా,” అన్నారు మాస్టారు.

“అబద్ధం కదండీ.”

“ఏటబద్ధం? కూకుంటారు, లెగుస్తారు. అన్ని బళ్లోళ్లూ సేసీదే. పోస్టు పోతే ఐదు తరగతులూ నానొక్కణ్ణే ఏగాల. మీ దేవుడికి నా మీద దయ లేదేటి?”

అన్ని బళ్లూ చేసేదేనన్న మాట నిజం. పక్క ఊరి బడికి ఇన్‌స్పెక్షన్ పడితే మా బడి పిల్లలు వెళ్లి కూర్చునేవారు. అబద్ధ సాక్ష్యం పలకవద్దనే ఆజ్ఞను ఆదివారం ఆదివారం వల్లె వేయించేది నేనే. అయినా ఒప్పుకున్నాను. సండేస్కూలు పిల్లల్ని పోగుచేసి, హాజరు పిలిచినప్పుడు ఎవరి పేరుకు ఎవరు పలకాలో నేర్పాను.

శనివారం హాజరు సాఫీగా జరిగింది. ఎక్కాలూ అప్పజెప్పారు. ఇన్‌స్పెక్టరు గారు సంతోషించి, లేచి నిలబడి చెయ్యెత్తి, “మీరంతా బాగా చదువుకుని గొప్పవాళ్లు కావాలి,” అన్నారు. పెద్దవారు చెయ్యెత్తి దీవిస్తే ఏమనాలో మా పేట పిల్లలకు తెలుసు. సగం బడి కళ్లు మూసుకుని ఒక్క గొంతుతో “ఆమేన్” అంది. మిగతా సగం వాళ్లను వింతగా చూసింది.

“వీళ్లు ఏ బడి పిల్లలు టీచరు గారూ?” అని ఆయన నన్నడిగారు.

మాస్టారు నా ముఖంలోకి చూశారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు.

“ఈ బడివాళ్లు కారండీ. నేనే తెచ్చాను,” అన్నాను.

వేసవి సెలవులయ్యేసరికి పోస్టు పోయింది. నన్ను నర్సీపట్నంలో, మా ఇంటికి నడిచిపోయేంత దగ్గరి బడికి వేశారు. నిజం ఒప్పుకున్నందుకు దేవుడు నన్ను ఇల్లు చేర్చాడని చర్చిలో సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం చేశారు.

కొన్నాళ్లకు యలమంచిలి బస్సులో మాస్టారు కనిపించారు. మాట బొంగురుగా వస్తోంది.

“గొంతుకేమైంది మాస్టారూ?”

“ఏటవుద్ది? ఒకటోవోళ్లకి అక్షరాలు సెప్తంటే ఐదోవోళ్లు కొట్టుకుంటన్నారు. పొద్దల్లా కేకలే. మీ దేవుడు మంచోడేనమ్మా, మిమ్మల్ని ఇల్లు సేర్చినాడు. ఐదు తరగతులూ నాకొగ్గేసినాడు.”

ఆయన మాటలో కోపం లేదు. పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.

ఆ రోజు నిజం చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. సాక్ష్యం మాత్రం సగమే చెప్పాను. తర్వాతి ఆదివారం లేచి మాస్టారి సంగతి కూడా చెప్పి, ఆయన గొంతు కోసం ప్రార్థన చేయమని సంఘాన్ని అడిగాను.