ఉడికిన పసుపులో కేంద్రకం

ఈమధ్య టిఫిన్ సెంటర్లలో చట్నీ పోసిచ్చే పల్చటి కవరు ముడి విప్పడం నా వల్ల కావడం లేదు. ఇంట్లోవాళ్లు కత్తెర ఇస్తారు, నేను తీసుకోను. పల్చటి పొరలతో పంతానికి పోవడం నాకు కొత్త కాదు.

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా ఇంకా కొత్త వాసన వేస్తున్న రోజుల్లో, బోధన్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీవాళ్లు నన్ను డెమో క్లాసుకు పిలిచారు. పిల్లలకు కణం చూపిస్తే ఉద్యోగం. లేకపోతే మా ఊరు బాల్కొండకు తిరిగి వెళ్లి మా బాపుతో పాటు పసుపు తవ్వడం. అందరూ చూపించే ఉల్లిపొర మనకెందుకని, మా కళ్లంలోని కుప్పలోంచి మెత్తటి పసుపు కొమ్మొకటి జేబులో వేసుకుని బస్సెక్కాను.

పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, "మధ్యలో గుండ్రంగా కనిపించేదే కేంద్రకం" అన్నాను. మొదటి బెంచీ అమ్మాయి కన్ను పెట్టింది.

"పచ్చగ ముద్దలెక్క ఉన్నది సార్."

ఇంకా పల్చగా కోశాను. ముద్ద ఇంకా పల్చగా కనిపించింది. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్, "ఏందయ్యా, నీ కేంద్రకం ఛుట్టీ మీద పోయిందా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, పసుపును ఎండబెట్టేముందు ఉడకబెడతారని. (ముందురోజు ఆ కడాయి కింద మంట పెట్టింది నేనే.) కణాల్లోని పిండి గంజి అయ్యాక కేంద్రకాన్ని వెతకడం, పప్పుచారులో కందిగింజను వెతకడం లాంటిదే.

తెలివైనవాడైతే అక్కడితో ఇంటికి వెళ్లేవాడు. "జర ఆగండి సార్, కణం చూపించకుండా బోధన్ దాటను" అని, ఎదురుగా ఉన్న మిర్చిబండి దగ్గర ఉల్లిగడ్డ అడిగి తెచ్చాను. పొర చిరిగింది, మళ్లీ ఒలిచాను. కళ్లు కారుతున్నా ఒలిచాను. (అది చదువు మీద భక్తి అని పిల్లలు అనుకున్నారని నా నమ్మకం.) అయోడిన్ చుక్క వేయగానే, ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కోదాంట్లో ఒక్కో కేంద్రకం. ప్రిన్సిపాల్ కూడా చూసి తలూపాడు.

గెలిచినవాడు ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. "కణమంటే చక్కెర ఫ్యాక్టరీ అనుకోండి. పొర గేటు; ఏది లోపలికి రావాలో అదే చూసుకుంటుంది. కేంద్రకం ఆఫీసు. మైటోకాండ్రియాలు బాయిలర్లు, అవి ఇందులో కనిపించవు" అంటూ చెప్పుకుపోయాను.

ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ ఉల్లిపొరలు ఒలుస్తూనే ఉన్నాను. ఆ పోలిక మాత్రం మళ్లీ ఏ క్లాసులోనూ వాడలేదు. ఆ రోజు ఆ అమ్మాయి మళ్లీ కన్ను పెట్టి, చాలాసేపు చూసి, తలెత్తి అన్నది:

"మా బాపు పనిజేసిన, బందైన ఫ్యాక్టరీ గూడ గిట్లనే ఉంటది సార్. గేటున్నది, ఆఫీసున్నది. పనే లేదు."