మ్యాపు మీది నిమ్మకాయలు

ఛాయ్ చెప్పుండ్రి ముందుగాల. నాది చక్కెర తక్కువ. గీ మోచేతికి కట్టేందని మొన్నటిసంది అందరు అడుగుతనే ఉన్నరు. ఆఫీసుల బండి స్కిడ్ అయిందని చెప్పిన. ఇంట్ల నా పెండ్లాం సరితకు కుక్క అడ్డమొచ్చిందని చెప్పిన. రెండూ అబద్ధాలే! మీరు నా దోస్తులు కాబట్టి నిజం చెప్తున్న. నవ్వుండ్రి, పర్వాలేదు, గాని ఈ ముచ్చట ఈ టేబుల్ దాటి పోవద్దు. మూఢనమ్మకాలు వద్దని ఊరూరు తిరిగి మైకుల చెప్పే మనిషి, నిమ్మకాయను చూసి మురికి మోరిల పడ్డడని తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?

నా నౌకరి మీకు ఎరికే కదా. మాదొక చిన్న స్వచ్ఛంద సంస్థ, అండ్ల నేను కమ్యూనిటీ ఆర్గనైజర్ని. అంటే ఏం పని అని మా మామ ఇప్పటికీ అడుగుతడు. ఊర్లకు పోవుడు, మహిళా సంఘాలతోని మీటింగులు పెట్టుడు, వాళ్లకు ఏం కావాలెనో వాళ్ల నోటితోనే చెప్పిచ్చుడు. 'మీ ఊరు, మీ నిర్ణయం' అనేది నా ఫేవరెట్ డైలాగు. దినాం ఒక్కసారన్న ఆ మాట అనకపోతే నాకు తిన్నది అరగది.

నారాయణరావుపేట అవతల ఒక ఊరున్నది. పేరు చెప్ప, మీరు పోయి అడుగుతరు. ఆ ఊర్ల ఏ ఇంట్ల చూసినా బీడీలు చేసే ఆడోళ్లే. ఒళ్లె చాట, చాటల ఆకు, తంబాకు, దారం. పక్కన పాకే పిల్లలు. ఇంక పిల్లలు ఊకుంటరా? చాటల చెయ్యి పెడతరు, గదే చెయ్యి నోట్లె పెట్టుకుంటరు. పోయిన నెల సంఘం లీడరు సుజాతక్క చిన్నబిడ్డ గట్లనే తంబాకు మింగింది. కక్కి కక్కి కండ్లు తేలేసింది. దవాఖానకు ఉరికిచ్చిన్రు, బతికింది. గా పొద్దు సుజాతక్క మొఖం నేను చూసిన, ఇప్పటికీ యాదికొస్తే మనసు కలుక్కుమంటది.

అప్పటిసంది ఆ ఆడోళ్లది ఒక్కటే మాట. పగటిపూట చిన్నపిల్లలను ఉంచెటందుకు ఒక గది కావాలె, చూసుకునెటందుకు ఒక మనిషి కావాలె. మా సంస్థకు పైసలిచ్చేటోళ్లు హైదరాబాద్ నుంచి వచ్చి చూస్తమన్నరు. ఇంకో ఊరు గుడ చూస్తరట, గాని ఒక్క ఊరికే ఇస్తరట. జనం ఎక్కడ ముందుకొచ్చి మాట్లాడితే అక్కడ. అంటే టీం వచ్చిన పొద్దు ఊరంత కదలాలె, మ్యాపు ఏసి చూపియ్యాలె.

మ్యాపంటే కాయిదం మీద కాదు. మా దాంట్ల పద్ధతేందంటే, నేల మీద ముగ్గుతోని ఊరి నక్ష వేపిస్తం. రోడ్లకు ముగ్గు, బోర్లకు బొగ్గు, ఎవ్వలింట్ల ఏమున్నదో ఒక్కో దానికి ఒక్కో గుర్తు. ఊరోళ్లే ఏస్తరు, మనం పక్కకు నిలబడి తలకాయ ఊపాలె. గంతే నా పని. గదిగుడ చెడగొట్టిన!

మొదటి తప్పు నాదే. రంగుల పాకెట్లు కొన్న. మా ఫ్రిజ్ మీద పెట్టిన. గాడనే మరిచిపోయిన. ముందటి రోజు మీటింగుల కూసున్నంక యాదికొచ్చింది. మరిచిపోయిన అని చెప్పొచ్చు కదా? చెప్తనా! పెద్ద మనిషి లెక్క గొంతు సవరించుకొని, "అక్కా, బయటి రంగులు ఎందుకు? ఇంట్ల ఏముంటే గవే వాడుండ్రి. లోకల్ రిసోర్సెస్!" అన్న.

"జాగ ఏడ సార్?" అన్నది సుజాతక్క. "బడి ఆవరణల ఏద్దమా?"

"జాగ గుడ మీరే డిసైడ్ చేయుండ్రి. మీ ఊరు..."

"మీ నిర్ణయం," అన్నరు అందరు ఒక్కటేసారి. ఆ డైలాగు వాళ్లకు గుడ నోటికొచ్చింది పాపం.

అంతల్నే ఎనక వరుసల ఒకామె లేసింది. ఎనక గల్లీల ఎవ్వలో నిమ్మకాయలు పారేసిన్రట, గా తొవ్వల పిల్లలను తీస్కపోం అన్నది. దొరికింది నాకు సందు! మైకు అందుకున్న. మూఢనమ్మకాల మీద మొదలువెడితే ఆడోళ్లకు ఆవులింతలొచ్చేదాక ఆపలే. బాలవ్వ అని ఒక ముసలామె ముంగట కూసొని నోరు తెర్చుకొని వింటున్నది. ఆమెను చూస్తే నాకు ఇంకింత ఊపొచ్చింది.

"తొవ్వల నిమ్మకాయ కనబడితే నేనేం జేస్తనో ఎరికేనా? ఇంటికి తీస్కపోయి షర్బత్ చేసుకొని తాగుత!"

చప్పట్లు! బాలవ్వ అయితే బుగ్గల మీద చెయ్యేసుకున్నది. "ఎంత గుండె ధైర్యమో సారుకు," అన్నది. నేను బండెక్కి సిద్దిపేట వచ్చేదాక ఈల ఏసుకుంటనే వచ్చిన.

రాత్రి సంఘం గ్రూపుల వాయిస్ మెసేజ్‌లు టింగు టింగుమని వచ్చుడే. మీకు తెలుసు కదా, ఆ గ్రూపుల శుభోదయం పూలు ఎక్కువ, సంగతి తక్కువ. ఫోను మూట్‌ల పెట్టి పండుకున్న. గది రెండో తప్పు.

తెల్లారి టీం వచ్చేకంటె ముందుగాలనే పోవాలెనని చీకట్ల లేసిన. సరిత తెల్ల అంగి ఇస్త్రీ చేసి ఇచ్చింది. "హైదరాబాదోళ్లు వస్తున్నరు, జర మంచిగ కనబడు," అన్నది. బయట మంచు. ఎసుంటి మంచు అంటే ముంగట చెయ్యి చాపితే చెయ్యి కనబడది. హెల్మెట్ అద్దం మీద చెమ్మ. తుడుచుకుంట, వణుక్కుంట, నెమ్మదిగ పోతున్న. పోంగ పోంగ ఊరు వచ్చింది. మూడు బాటలు కలిసేకాడికి వచ్చిన.

లైటు వెలుగు నేల మీద పడ్డది.

తెల్లగ గీతలు. నడుమ పసుపు కుప్పలు. నల్లగ బొగ్గులు. ఎండిన ఆకులు. వాటి నడుమ నిమ్మకాయలు... ఒకటి కాదు, రెండు కాదు, బాట నిండ నిమ్మకాయలు! కొన్నిటికి ఎర్రగ కుంకుమ బొట్లు! మూడు బాటల కాడ, చీకట్ల, మంచుల!

దేవుని మీద ఒట్టు, నా పానం గొంతులకు వచ్చింది. నేను మైకుల చెప్పిన మాట ఒక్కటంటె ఒక్కటి యాదికి రాలె. దేవుండ్ల పేర్లు మాత్రం లైనుగ వచ్చినయ్. మా ట్రైనింగుల గవి ఎవ్వలు నేర్పలే, ఎక్కడికెళ్లి వచ్చినయో! బ్రేకు వేసి ఆగొచ్చు కదా? దిగి చూడొచ్చు కదా? నేనేం జేసిన? ఒక్క నిమ్మకాయను గుడ తొక్కొద్దని హ్యాండిల్ ఎడమకు తిప్పిన. ఎడమకు ఏముంది? మూతలేని మోరి!

బండి మోరి గట్టు మీద ఆగింది. నేను ఆగలే.

మోకాళ్ల లోతు నల్లటి బురద. తెల్ల అంగి ఏ రంగు అయిందో నేను చెప్ప, మీరు ఛాయ్ తాగుతున్నరు. మోచెయ్యి గట్టుకు తాకి చర్మం లేసింది. 'అమ్మా' అని అరిస్తే మోరి పక్క ఇంటి అరుగు మీదికెళ్లి ఒక గొంతు వచ్చింది.

"ఎవలుల్లా? అయ్యో, సారూ! ఎట్ల పడ్డవ్ బిడ్డా?"

బాలవ్వ! పొద్దుపొడవక ముందే గీమె అరుగు మీద ఎందుకు కూసోవాలె చెప్పుండ్రి!

"కుక్క, అవ్వా. కుక్క అడ్డమొచ్చింది," అన్న.

"కుక్కనా," అన్నది బాలవ్వ. చెయ్యి అందిచ్చి పైకి గుంజింది. ముసలిదే గాని పట్టు గట్టిది.

ఆ సప్పుడుకు సుజాతక్క ఉరికొచ్చింది, ఎనక ఇంకొందరు ఆడోళ్లు. నేను మురికి కార్చుకుంట నిలబడ్డ. సుజాతక్క నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, మళ్ల ఆగలేక మెల్లగ అడిగింది. "సార్... మ్యాపు చూసిన్రా? బడి ఆవరణల నీళ్లు నిలిచినయని ఈడ ఏసినం. రంగుల్లేవు కదా, పసుపు కుంకుమతోనే ఏసినం. రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టిన గద సార్. మంచిగ వచ్చిందా?"

మ్యాపు!

ఇంట్ల ఏముంటే గవే వాడమన్నది నేనే. జాగ మీరే చూసుకోమన్నది నేనే. నేను చెప్పిన పని ఊరోళ్లు తూచా తప్పకుంట చేసిన్రు. నా పనిని చూసి నేనే గజ్జున వణికి మోరిల దుంకిన!

"మస్తు వచ్చింది అక్కా," అన్న. మోరిల పడి లేసినోడు ఇంకేమంటడు?

బోరు కింద కూసోపెట్టి కడిగిన్రు. కట్టుకునెటందుకు బాలవ్వ కొడుకు లుంగి ఇచ్చిన్రు, పైకి ఎరువుల కంపెనీ ఫ్రీగ ఇచ్చిన పచ్చ టీషర్టు. వీపు మీద ఇంత పెద్దగ ఎరువు బస్తా బొమ్మ. కుర్చీల కూసోపెట్టిన్రు. అంతల బాలవ్వ ఉప్పు, ఎండుమిరపకాయలు, ఒక కుంపటిల నిప్పులు పట్టుకొచ్చింది.

"సారుకు దిష్టి తగిలింది. తీస్త."

"అవ్వా, వద్దు! నేను గివన్నీ..."

"కూసో!" అన్నది. కూసున్న.

చుట్టు ఊరంత మూగింది. నా తలకాయ చుట్టు బాలవ్వ చెయ్యి తిరుగుతున్నది, నేను లుంగి పట్టుకొని కండ్లు మూసుకున్న. సరిగ్గ గప్పుడే కారు వచ్చి ఆగింది. హైదరాబాద్ మేడం దిగింది. మంచి చీర, కండ్లద్దాలు, మెడల ఐడీ కార్డు. నన్ను చూసింది, బాలవ్వ అప్పుడే నిప్పులల్ల ఏసిన మిరపకాయలను చూసింది.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నది.

"మేడం... ట్రెడిషనల్ ప్రాక్టీసెస్ డాక్యుమెంటేషన్," అన్న. ఎట్ల వచ్చిందో నోట్లెకు! ఇంత సిగ్గు పోయినంక గుడ ఇంగ్లీషు మాత్రం పోలే.

అంతల్నే మిరపకాయల ఘాటు లేసింది. మేడం తుమ్ముడు, డ్రైవరు దగ్గుడు, నేను రెండూ. దిష్టి తగిలితే ఘాటు రాదంటరు కదా, ఇది ఊరవతలి దాక కొట్టింది. బాలవ్వ నా దిక్కు చూసి, "ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే. మరి ఎట్ల పడ్డవ్ సారూ?" అన్నది. నేను టీషర్టు మీది దారం పీక్కుంట కూసున్న.

ఇగ అయిపోయింది, ఆ గది పక్క ఊరికే పోయింది అనుకున్న. సుజాతక్క మొఖం చూసే ధైర్యం రాలె. నా ఒక్కని భయానికి పిల్లల గది పోయిందని నన్ను నేనే తిట్టుకున్న.

మేడం కండ్లు తుడుచుకొని మ్యాపు దిక్కు నడిచింది. "ఈ నిమ్మకాయలు ఏమిటమ్మా?"

"పాకే పిల్లలున్న ఇండ్లు, మేడం," అన్నది సుజాతక్క.

"మరి ఎర్రబొట్టు పెట్టినవి?"

"గవి తంబాకుతోని పిల్లలకు పానం బాగలేకుంట అయిన ఇండ్లు. గిది మాది." సుజాతక్క వంగి ఒక నిమ్మకాయను వేలుతోని తాకింది.

మేడం ఆ ఎర్రబొట్లను ఒక్కొక్కటి చూసుకుంట పోయింది. నేను గుడ గప్పుడే సరిగ్గ చూసిన. గన్నిగనం ఎర్రబొట్లా! పొద్దుగాల నేను భయపడ్డది నిమ్మకాయలను చూసే, గాని ఎందుకు భయపడాలెనో నాకు తెల్వలే. గప్పుడు తెలిసి నిజంగనే భయమైంది.

తర్వాత ఆడోళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి మాట్లాడిన్రు. నా దిష్టి చూసెటందుకు వచ్చిన మొగోళ్లు గుడ గది కోసం పాత పంచాయతి ఆఫీసు ఖాళీగనే ఉన్నది, ఇస్తమన్నరు. ఆఖర్ల బాలవ్వ ఒక నిమ్మకాయ తీస్కొని మోరికాడ పెట్టింది. "ఈడ మా సారు పడ్డడు. గది పెడితే పిల్లలు గిదే తొవ్వల వస్తరు. దీనికి మూత ఎయ్యుండ్రి." మేడం నవ్వి రాసుకున్నది. కారెక్కంగ, "మీ ఊరికే ఇద్దామని రిపోర్టు రాస్తాను," అన్నది. "ఇంతమంది జనం ఎక్కడా రాలేదు. ఎలా కదిలించారు?" అని నన్ను అడిగింది. నేను లుంగి ఎగ్గట్టుకున్న.

సుజాతక్క మాత్రం బిడ్డను ఎత్తుకొని ఏడుస్తున్నది, నవ్వుతున్నది. నాకు గుడ కండ్లల్ల నీళ్లు ఆగలే.

అంత అయినంక బాలవ్వ నన్ను అరుగు మీదికి పిలిచింది. చేతిల గిలాస.

"కుక్క లేదు గిక్క లేదు సారూ. నువ్ నిమ్మకాయలను చూసి బండి తిప్పింది నీ బండి లైటు వెలుగుల నేను చూసిన. మేడం ముంగట ఇజ్జత్ పోతదని అనలే."

"మరి దిష్టెందుకు తీసినవ్ అవ్వా?"

"నీ భయం పోవాలె గద బిడ్డా! ఇగో, తాగు. మ్యాపు మీది నిమ్మకాయలతోనే చేసిన. తొవ్వల కనబడితే షర్బత్ చేసుకొని తాగుతనంటివి గద?"

గిలాస అందుకున్న. లోపలికి చూసిన. రెండు గింజలు తేలుతున్నయ్. మూఢనమ్మకాల మీద ఇన్నేండ్లు మైకుల అరిసిన మనిషిని, నేనేం జేసిన్నో చెప్పాల్నా?

"ముందుగాల నువ్వొక గుక్క తాగు అవ్వా," అన్న.